బాపు చేయించిన చెరుకు బండి ఆట

మొన్నీమధ్య హైదరాబాదులో ఒక కాలేజీవాళ్లు నన్ను సదస్సుకు పిలిచారు. వీడియో గేముల కథల్లో రాజకీయ సందేశం ఉండవచ్చా, ఉంటే ఆడేవాళ్ల ఆనందం చెడిపోతుందా అన్నది విషయం. నన్నెందుకు పిలిచారో మొదట అర్థం కాలేదు. రావలసిన పెద్ద రచయితకు జ్వరం వచ్చిందనీ, కార్డు మీద 'ప్రముఖ' అని వేసిన చోట ఎవరో ఒకరు కూర్చోవాలనీ అక్కడికి పోయాక తెలిసింది. వేదిక మీద ఇద్దరు యువకులు వాదించుకున్నారు. సందేశం లేని ఆట నల్లమందు లాంటిదని ఒకాయన అన్నాడు. రోజంతా రాజకీయాలతో తల వాచిపోయి, కాసేపు ఆడుకుందామని కూర్చుంటే అక్కడా అవేనా అని రెండో ఆయన బాధపడ్డాడు. ఇది ఈమధ్యే పుట్టిన సమస్య అని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. మైకు నా దగ్గరికి వచ్చినప్పుడు రెండు వైపులా నిజం ఉందని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, సమోసా తిని బస్సెక్కాను. బస్సు కామారెడ్డి దాటుతుంటే నాకు నవ్వు మొదలైంది. పక్క సీటావిడ నా వైపు అనుమానంగా చూసి సంచీ దగ్గరికి లాక్కుంది. నవ్వక ఏం చెయ్యను? ఆ సమస్య నిజామాబాదులో, ఫులాంగ్ దగ్గర మేం అద్దెకున్న ఇంటి ముందు గదిలో ఎప్పుడో పుట్టింది. దాన్ని పుట్టించింది మా బాపు, అంటే మా నాన్న. దానికి మాటలు రాసింది నేను. పత్రికలో అచ్చయిన నా మొదటి కథ గురించి అందరూ అడుగుతారు గానీ, నా అసలు తొలి రచన ఆ ఆటలోని మాటలే. తెర మీద వాటిని పూర్తిగా చదివిన మనిషి భూమ్మీద లేడు.

మా బాపు రాజలింగం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో టైం ఆఫీసు గుమాస్తా. జీతం దానికి వచ్చేది గానీ ఆయన పనంతా యూనియన్‌దే. నా ఇంటర్ అయ్యేదాకా క్వార్టర్లలోనే ఉన్నాం. చెరుకు ఆడటం మొదలైందంటే ఊరంతా కాగుతున్న బెల్లం వాసన, దాని వెనకే పులిసిన మడ్డి వాసన. ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. ఆ రోజుల్లో బాపు నాటకాలు రాసి క్వార్టర్ల మధ్య మైదానంలో ఆడించేవాడు. అన్ని నాటకాల్లోనూ షావుకారు చివరికి చచ్చేవాడు. చచ్చేముందు తాను చేసిన అన్యాయాలన్నీ ఒకటొకటిగా, ఎక్కడా ఊపిరి అందకపోవడమనేది లేకుండా ఒప్పుకునేవాడు. మధ్యలో ఒక తాగుబోతు వేషం ఉండేది. ఆ తాగుబోతు మళ్లీ వస్తాడేమోనని జనం చివరిదాకా కదలకుండా కూర్చునేవారు. సందేశం కోసం కూర్చున్నారని బాపు నమ్మేవాడు. ఆ నమ్మకంతోనే ఒకసారి యూనియన్ ఎన్నికలో నిలబడి, ఒక్క ఉపన్యాసమైనా ఇవ్వకుండా అందరి పెళ్లిళ్లకూ వెళ్లే ఒకాయన చేతిలో ఓడిపోయాడు. తరువాత కొన్నాళ్లకు ఫ్యాక్టరీ మీద దిగులు పట్టి స్వచ్ఛంద విరమణ తీసుకుని మమ్మల్నందరినీ నిజామాబాదుకు తీసుకొచ్చాడు.

కొత్త ఇంట్లో పొద్దున ఒకే పద్ధతిలో మొదలయ్యేది. అవ్వ, అంటే మా అమ్మ, తడి గోనెసంచిలోంచి తునికాకు తీసి, గడప పక్కన గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడానికి కూర్చునేది. తడి ఆకు వాసన, తంబాకు ఘాటు, గాలి మళ్లినప్పుడు పసుపు మార్కెట్ వైపునుంచి వచ్చే మట్టి కలిసిన పసుపు వాసన. ఇప్పటికీ వాటిలో ఏ ఒక్కటి ముక్కుకు తగిలినా నాకు ఆ గడప కనిపిస్తుంది. బాపు ఎదురుగా కుర్చీ వేసుకుని పత్రిక గట్టిగా చదివేవాడు. వార్త చదివి, దాని వెనక ఎవరున్నారో చెప్పేవాడు. వార్తలు అయిపోతే ప్రకటనలు. సబ్బు ప్రకటన వెనక కూడా ఎవరో ఉండేవారు. అవ్వ చేతులు ఆగేవి కావు, తల ఎత్తేది కాదు. అన్నీ విని, చివరికి బియ్యం నిండుకున్నాయనో, నల్లా రాలేదనో చెప్పేది. దాని వెనక ఎవరున్నారో బాపు ఆలోచించేలోపు నేను బిందె పట్టుకుని వీధి చివరికి పోయేదాన్ని.

మా అన్న శ్రీనుకు చదువు అంటలేదు. పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి, నాందేడ్‌లో ఎవరో దుకాణం ఎత్తేస్తున్నారని విని, అక్కడినుంచి పాత టీవీలు, ఆట పెట్టెలు లారీలో వేసుకొచ్చాడు. ముందు గదిలో వరసగా పెట్టి వీడియో గేమ్ దుకాణం తెరుస్తానన్నాడు. పిల్లల్ని పాడుచేసే దందా తన ఇంట్లో కుదరదని బాపు రెండు రోజులు అన్నం ముట్టలేదు. పాడవడానికి టీవీ అయినా కావాలి గదా, ఊరికే తిరిగి పాడైపోతున్నవాడికంటే నయమే గదా అని అవ్వ అన్నది అన్న గురించే. దానితో బాపు మెత్తబడ్డాడు గానీ, దుకాణం పేరు తానే పెడతానన్నాడు. అట్లా మా గుమ్మం మీద 'చైతన్య వీడియో గేమ్స్' అనే బోర్డు వేలాడింది. పేరు చూసి ట్యూషన్ సెంటర్ అనుకుని ఒకరిద్దరు తల్లులు పిల్లల్ని తామే తెచ్చి వదిలివెళ్లారు.

దుకాణం నడిచింది. నడవకుండా చెయ్యడానికి బాపు తనకు తెలియకుండానే చాలా కష్టపడ్డాడు. పిల్లల వెనక కుర్చీ వేసుకుని కూర్చుని ఆటలను విమర్శించేవాడు. విమానంలోంచి బాంబులు వేసే ఆట ఆడేవాడిని, కింద ఉన్న ఊరు ఎవరిదో కనుక్కున్నావా అని అడిగేవాడు. ఒక ఆటలో మనిషి ఎగిరెగిరి గాలిలో ఉన్న నాణేలు ఏరుకునేవాడు. ఆ నాణేలు గాలిలో ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఏరుకున్నవాడు చివరికి వాటితో ఏం కొన్నాడు అని ఆరా తీసేవాడు. ఇద్దరు పహిల్వాన్లు కొట్టుకునే ఆట ఆయనను అన్నిటికంటే బాధపెట్టింది. ఒకరోజు ఆట మధ్యలో టీవీకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు.

"వీళ్లిద్దరు పనోళ్లే బిడ్డా. ఇద్దరిని కొట్టుకోమన్నోడు తెర మీదికి రాడు. వాడెవడో ఎప్పుడన్న ఆలోచన చేసినవా?"

"జర పక్కకు జరుగు తాతా," అన్నాడు ఆ పిల్లవాడు. "నేను సస్తున్న."

ఇట్లాంటివి రోజూ జరిగేవి. పిల్లలు మెల్లగా స్టేషన్ రోడ్డులోని ఇంకో దుకాణానికి మళ్లుతున్నారని అన్నకు బెంగ పట్టుకుంది. బాపుకు పట్టుకున్నది వేరే బెంగ. ఒక సాయంత్రం దుకాణంలో పిల్లలు కూర్చున్న తీరును చాలాసేపు చూశాడట. కన్ను రెప్ప వెయ్యడం లేదు, దాహం లేదు, పక్కవాడు పిలిస్తే వినిపించడం లేదు. బతుకంతా నాటకాలు ఆడించిన మనిషికి అంత శ్రద్ధగల ప్రేక్షకుడు ఒక్కడూ దొరకలేదు. అంత శ్రద్ధ వృథాగా నాణేలకు పోతున్నది. రాత్రి అన్నం దగ్గర ప్రకటించాడు, మనమే ఒక ఆట తయారు చెయ్యాలి, అందులో చెరుకు రైతు కథ ఉండాలి. అన్న కంచంలోంచి తల ఎత్తలేదు. నేను మాత్రం ఎగిరి గంతేశాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను, వ్యాసరచనలో బహుమతులు వచ్చాయి, నా మాటల కోసం లోకం ఎదురుచూస్తున్నదని నా అభిప్రాయం.

ఆట తయారుచేసినవాడు రహీం. అన్నకు చిన్ననాటి స్నేహితుడు, గాంధీ చౌక్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాడు. వాళ్లు పారేయబోతున్న పాత కంప్యూటర్‌ను బతిమాలి తెచ్చి మా ముందు గదిలో ఒక మూల పెట్టాడు. అతనికి ఈ పని మీద నిజంగానే సరదా ఉండేది. కథ సులువుగానే కుదిరింది. మల్లేశ్ అనే రైతు బోధన్ పక్క పల్లెనుంచి చెరుకు బండి తోలుకుని ఫ్యాక్టరీకి బయలుదేరుతాడు. దారిలో గుంతలు, వాగు, దళారి, ఆ తర్వాత కాంటా, చివరికి ఫ్యాక్టరీ గేటు. గేటు ముందు రైతులందరూ ఒక్కటవుతారు, గేటు తెరుచుకుంటుంది. ప్రతి మజిలీలోనూ మల్లేశ్ ఆగి మాట్లాడాలని బాపు పట్టుబట్టాడు. మొదటి గుంత దగ్గర మాట్లాడవలసిన మాటలు నేను నాలుగు పేజీలు రాసి రహీం చేతిలో పెట్టాను. అతను చదివి, తల గోక్కుని, బాపు ముందు చాలా మర్యాదగా కూర్చున్నాడు.

"సార్, కంప్యూటర్ల తెలుగు అక్షరాలు లెవ్వు. ఒక్కొక్క అక్షరం సుక్కలు పెట్టి బొమ్మ లెక్క గియ్యాలె. గీ నాలుగు పేజీలు గీసేవరకు నా పెండ్లి ఈడు దాటిపోతది."

"మరి ఎంత వడతది తెర మీద?"

"రెండు లైన్లు. అదిగూడ సంయుక్తాక్షరాలు తక్కువుండాలె."

ఆ వారం మా ఇంట్లో జరిగిన బేరం పసుపు మార్కెట్‌లో కూడా జరిగి ఉండదు. 'శ్రామికవర్గ సంఘటిత శక్తి' అన్నది గియ్యలేనని రహీం, అది లేకపోతే ఆటే వద్దని బాపు. నేను రాసిన ప్రతి ఉపమానాన్నీ చుక్కల్లోకి దించాలంటే ఎంతసేపు పడుతుందో రహీం వేళ్ల మీద చెప్పేవాడు. నేను ఏడిచేదాన్ని. అవ్వ గడప దగ్గరినుంచి ఒక్కసారే కలగజేసుకుంది. "ఆటనో మీటింగో ఏదో ఒకటి తేల్చుండ్రి, నాకు బీడీల లెక్క తప్పుతున్నది," అన్నది. చివరికి ఉపన్యాసం ముక్కలు ముక్కలుగా, రెండేసి లైన్లుగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చేట్టు ఒప్పందం కుదిరింది. నాలుగు పేజీలూ ఉంటాయి, కాకపోతే కొంచెం కొంచెంగా వస్తాయి. రహీం ఒక చిన్న మంచి పని చేశాడు. తొందర ఉన్నవాళ్లు పొడుగు బటన్ నొక్కితే మాటలు దాటిపోయేట్టు పెట్టాడు. బాపు దాన్ని తీసేయించాడు. ఆటగాడి చేతికి ఆ సమయంలో పనేముంటుందని రహీం అడిగితే, "వింటడు," అన్నాడు బాపు.

ఆట మొదలైన రోజు బాపు తెల్ల చొక్కా వేసుకున్నాడు. బోధన్‌నుంచి పాత యూనియన్ మిత్రులు వచ్చారు. పిల్లలు కంప్యూటర్ చుట్టూ మూగారు. బండి కదిలింది, ఎద్దుల గంటలు మోగాయి, అందరూ ఓ అన్నారు. మొదటి గుంత దగ్గర మల్లేశ్ ఆగి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆడుతున్న పిల్లవాడు పొడుగు బటన్ నొక్కాడు, తర్వాత అన్ని బటన్లూ నొక్కాడు, తర్వాత కంప్యూటర్ పెట్టెను చేత్తో చరిచాడు. మల్లేశ్ ఆగలేదు. రెండు రోజుల్లో పిల్లలకు ఉపన్యాసాల నిడివి అలవాటైపోయింది. మొదటి గుంత దగ్గర లేచి వీధి చివర మిర్చి బజ్జీ తినొచ్చేవారు. వాగు దగ్గర ఉపన్యాసం ఇంకా పొడుగు కనుక ఒకడు ఇంటికి పోయి స్నానం చేసి తల దువ్వుకుని వచ్చాడు. నా మాటలు ఖాళీ కుర్చీల ముందు రెండేసి లైన్లుగా వెలిగి ఆరిపోయేవి. ఒకరోజు నేనే కూర్చుని చదువుదామనుకున్నాను. మూడో ముక్క దగ్గర నాకూ బజ్జీ గుర్తొచ్చింది.

అయినా కంప్యూటర్ ఖాళీగా ఉండేది కాదు. దానికి కారణం దళారి. ఆ మజిలీలో దళారి బండికి అడ్డం వచ్చి చెరుకు అగ్గువకు అడుగుతాడు. మల్లేశ్ అతనికి నీతి బోధించి ముందుకు సాగాలన్నది కథ. కానీ బోధన మొదలయ్యేలోపు బండిమీది చెరుకు ముక్క తీసి దళారి మీదికి విసరవచ్చని ఎవడో కనిపెట్టాడు. తగిలితే వాడి నల్ల కళ్లద్దాలు ఎగిరిపడతాయి, మీసం ఒక పక్కకు జారుతుంది, వాడు వాటిని ఏరుకుని మళ్లీ నిలబడతాడు. ఇది రహీం సరదాకు పెట్టిన విషయం, మాకెవరికీ చెప్పలేదు. పిల్లలు అక్కడే ఆగిపోయారు. కాంటా దాకా పోయినవాడు లేడు, రైతులు ఏకమైంది ఎవరూ చూడలేదు. బండిలో చెరుకు అయిపోయేదాకా కొట్టి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టి, మధ్యలో బజ్జీ తిని, మళ్లీ దళారి దగ్గరికి వచ్చేవారు. స్టేషన్ రోడ్డు దుకాణానికి పోయినవాళ్లు కూడా తిరిగొచ్చారు. అన్న ముఖం వెలిగింది, బాపు ముఖం మాడిపోయింది.

చిక్కు కళ్లద్దాల దగ్గర వచ్చింది. ఆ కొద్ది చుక్కల్లో మీసం, నల్ల కళ్లద్దాలు, భుజం మీద కండువా గీస్తే అది ఊళ్లో సగంమంది పెద్దమనుషులకు సరిపోతుంది. పిల్లలు మాత్రం దాన్ని మా వార్డు కౌన్సిలర్ అన్నారు. అందరూ అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. బడినుంచి వస్తూనే, కౌన్సిలర్‌ను కొట్టడానికి పోదాం పద అని ఒకడినొకడు పిలుచుకునేవారు. ఈ మాట నడి వీధిలో వినిపిస్తే ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది. కౌన్సిలర్ మనిషి ఒకడు మోటారు సైకిల్ మీద వచ్చి, మా కౌన్సిలరన్నను రాళ్లతో కొట్టిస్తున్నారట ఏంది అని అడిగాడు. రాళ్లు కాదు, చెరుకు ముక్కలే అని మా అన్న వివరించాడు. అది మంచి వివరణ కాదని చెప్పాక అతనికి తెలిసింది. దుకాణానికి లైసెన్సు లేదన్న సంగతి, మా ఇంటి కరెంటు తీగ స్తంభం దగ్గర ఎట్లా తగులుకుని ఉందన్న సంగతి ఆ మనిషి తాపీగా గుర్తుచేశాడు. మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడుతున్నాయనీ, కౌన్సిలరన్న పెద్ద మనసుతో ఒక మాట చెప్పమన్నాడనీ అన్నాడు. ఆట తీసేయనక్కరలేదు. అందులో హీరో మాత్రం కౌన్సిలరే కావాలి.

ఆ సాయంత్రం మా ఇంట్లో గొడవ జరిగింది. చైతన్య అనే బోర్డు కింద ఆ పని జరగనివ్వనని బాపు అన్నాడు. రేపు కరెంటు తీసేస్తే బోర్డు చదవడానికి కూడా దీపం ఉండదని అన్న అన్నాడు. బాపు షావుకార్ల గురించి, లొంగిపోవడం గురించి చెబుతూ పోయాడు. అన్న ఎప్పుడూ ఎదురు చెప్పేవాడు కాదు. ఆరోజు చెప్పాడు.

"నీ నాటకాలు సూసి ఫ్యాక్టరీల ఒక్కడన్న మారిండా బాపు? యూనియన్ల ఓడిపోయినవ్. గిప్పుడు నా దుకాణం గూడ ఓడగొడ్తవా?"

అవ్వ చేతులు ఆగాయి. అవి అట్లా ఆగడం నేను చూసింది ఆ ఒక్కసారే. బాపు చొక్కా వేసుకుని బయటికి పోయాడు. వచ్చాక అన్నతో మాట్లాడలేదు. కొన్ని వారాలు ఆ ఇంట్లో నేను టెలిఫోన్ తీగనయ్యాను. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉన్నా, గొడుగు ఎక్కడుందో వానిని అడుగు బిడ్డా అని బాపు, తలుపు వెనక ఉందని బాపుకు చెప్పు అని అన్న. నేను మధ్యలో చెప్పిన మాటే మళ్లీ చెప్పేదాన్ని. ఒక్కోసారి విసుగొచ్చి అసలు చెప్పేదాన్ని కాదు, అయినా గొడుగు దొరికేది.

అన్న, రహీం కలిసి రెండో ఆట చేశారు. దానికి మాటలు కౌన్సిలర్ మనుషులే పంపారు, అన్నీ బిరుదులే. ప్రగతి ప్రదాత, పేదల పెన్నిధి, ఇంకా అట్లాంటివి. వాటిని గీస్తే తెర నిండిపోయి హీరో ముఖం వాటి వెనక దాక్కుంది. ఆటలో కౌన్సిలర్ బండి మీద నిలబడి దండం పెడుతూ పోతాడు. బండి పోయిన చోట నల్లాలో నీళ్లు వస్తాయి, వీధి దీపం వెలుగుతుంది, గుంత తనకు తానే పూడుకుపోతుంది. ఎవరూ అడ్డురాకూడదు, కౌన్సిలర్ పడిపోకూడదు అని షరతు. ఒక పిల్లవాడు కాసేపు ఆడి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఓడిపోనివాణ్ని ఎట్లా ఆడాలని మా అన్నను అడిగాడు. వాడు నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నేను తర్వాత చదివిన సాహిత్య విమర్శలో ఇంత సూటి ప్రశ్న తక్కువ.

కొద్ది రోజులకు కౌన్సిలర్ స్వయంగా వచ్చాడు. వెనక పదిమంది. పిల్లల్ని లేపి ఆయనను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. బాపు లోపలికి రాలేదు, గుమ్మం బయట కుర్చీలో పత్రిక అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. కౌన్సిలర్ తన బండి తానే తోలాడు. నల్లాలు పారాయి, దీపాలు వెలిగాయి, మనుషులు చప్పట్లు కొట్టారు. రెండు వీధులు దాటేసరికి ఆయనకు ఆవలింత వచ్చింది.

"గింతేనా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "అండ్ల దళారి నేనే అంటున్నరట గదా, గా ఆట పెట్టుండ్రి సూద్దాం," అన్నాడు.

రహీం మా అన్న వైపు ఒకసారి చూసి పాత ఆట పెట్టాడు. గుంత దగ్గరా, వాగు దగ్గరా ఉపన్యాసాలు రెండేసి లైన్లుగా వస్తుంటే కౌన్సిలర్ ఓపిగ్గా చాయ్ తాగాడు. తరువాత దళారి వచ్చాడు. పక్కనున్న పిల్లవాడు ఏ బటన్ నొక్కాలో చూపించాడు. మొదటి చెరుకు ముక్క తగిలి కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. కౌన్సిలర్ ముందుకు వంగాడు. ఇంకొకటి వేశాడు, మీసం జారింది. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట కదిలేట్టు, కళ్ల నీళ్లు వచ్చేట్టు నవ్వుతూ బండిలో చెరుకంతా ఖాళీ చేశాడు. వెనకున్నవాళ్లు నవ్వాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ వాళ్ల వైపు తిరిగాడు.

"గీడు నేనంటరేంది? పక్క వార్డు కౌన్సిలర్ గాదారా వీడు? మీసం సూడుండ్రి."

ఔనన్నా, అచ్చం వాడే అని పదిమందీ ఒక్క గొంతుతో అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకో బండి చెరుకు ఖాళీ చేశాడు. పోతూ పోతూ తన ఆట తీసేసి ఇదే ఉంచమన్నాడు, మందికి ఇదే నచ్చుతుందన్నాడు. లైసెన్సు సంగతి తాను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు కూడా.

మా అన్న బతికిపోయానని గోడకు చేరగిలబడ్డాడు. నేను బయటికి పోయి చూస్తే బాపు పత్రిక మడిచి పట్టుకుని వీధివైపు చూస్తున్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. "ఫ్యాక్టరీ లేబర్ ఆఫీసర్ గూడ గంతే బిడ్డా," అన్నాడు. "నాటకం ఉంటే మొదటి వరసల కూసుంటుండె. షావుకారు సచ్చినప్పుడు అందరికంటె ఎక్కువ సప్పట్లు ఆయనవే. నేను మారిండనుకుంట ఉంటి." ఆ మధ్యాహ్నం ఆయన పత్రిక చదవలేదు, ముసుగేసుకుని పడుకున్నాడు. అవ్వ రెండుసార్లు లేచి పోయి చూసొచ్చింది.

లేచాక రహీంను పిలిపించాడు. ఉపన్యాసాలన్నీ తీసేయమన్నాడు. ఎంత శ్రమపడి గీసినవో తెలిసిన రహీం కూడా ఒక్కటైనా ఉంచుదామా అన్నాడు. వద్దన్నాడు బాపు. నాకు ఏడుపొచ్చింది. నాలుగు పేజీలు నావి, ఇన్నాళ్లూ వాటికోసం కొట్లాడింది ఆయనే. నేను అలిగితే ఆయన బతిమాలలేదు. కాంటా ఒక్కటి మార్చమని మాత్రం రహీంకు చెప్పాడు. బండి మీద ఎన్ని గడలు తెచ్చినా కాంటా కొన్ని తక్కువే చూపించాలి, ఎందుకు తక్కువో ఎవరూ చెప్పకూడదు. మళ్లీ పోయి తెచ్చుకోవాలి. తెస్తే మళ్లీ తక్కువే. అన్న ఆ మాటలన్నీ పక్కన నిలబడి వింటున్నాడు. "గట్ల జేస్తె పొరగాళ్లు పిచ్చోళ్లయితరు బాపు," అన్నాడు, నన్ను మధ్యలో పెట్టకుండా. "కానియ్," అన్నాడు బాపు. ఇద్దరూ నేరుగా మాట్లాడుకున్నారని నాకు కాసేపటికి గానీ తట్టలేదు.

పిల్లలు పిచ్చివాళ్లే అయ్యారు. మధ్యలో ఉపన్యాసాలు లేవు కనుక దళారిని నాలుగు తగిలించి అందరూ కాంటా దాకా పోసాగారు. అక్కడ లెక్క తప్పేది. గడలు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని తెచ్చేవారు, అయినా తప్పేది. రహీంను తిట్టేవారు, కంప్యూటర్ పాడైందనేవారు, మల్లేశ్ తరఫున సాక్ష్యానికి ఇంకొకణ్ని పక్కన కూర్చోబెట్టుకునేవారు. చివరి గేటు దగ్గరికి చేరినవాళ్లు ఆ దుకాణం చరిత్రలో ఇద్దరో ముగ్గురో. ఇది రాజకీయమా అని ఒక్కడు అడగలేదు. ఇప్పుడు మా మేనల్లుడి ఫోనులో వచ్చే ఆటల్లో చెట్ల ఆకులు కూడా విడివిడిగా కదులుతాయి, మనిషి చెమట కనిపిస్తుంది. వాటిలో రాజకీయం ఉందని తిట్టేవాళ్లు, లేదని తిట్టేవాళ్లు రోజూ వేల వాక్యాలు రాసుకుంటారు. అక్షరాలు చుక్కచుక్కగా గియ్యవలసిన పనిలేదు మరి. మా దుకాణంలో విమర్శ అంతా ఒక్క పనిలో జరిగేది. నచ్చకపోతే లేచి బజ్జీ తినడానికి పోయేవారు. ఆ విమర్శకు భయపడే నేను ఇన్నేళ్లుగా రాస్తున్నాను.

ఇళ్లల్లోకి కంప్యూటర్లు వచ్చాక మా దుకాణం మూతపడింది. అన్న దాన్ని జిరాక్స్ షాపు చేశాడు, బాగానే బతికాడు. రహీం పెళ్లి ఈడు దాటకముందే పెళ్లి చేసుకుని దుబాయి పోయాడు. బోధన్‌లో ఫ్యాక్టరీ చప్పుడు కూడా తర్వాత ఆగిపోయింది. బాపు పోయినప్పుడు సంతాప సభలో వక్తలు ఆయన నాటకాల గురించి, ఉపన్యాసాల గురించి చాలాసేపు మాట్లాడారు. నాకు మాత్రం ఆ మాటలు వింటున్నంతసేపూ ఒక మధ్యాహ్నమే కళ్లముందు ఉంది.

దుకాణంలో పిల్లలెవరూ లేరు, పరీక్షల రోజులు. అవ్వ గడప దగ్గర కట్టలు కడుతున్నది. బాపు అటూ ఇటూ చూసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇన్ని నెలల్లో ఆయన ఒక్కసారి కూడా ఆడలేదు. బండి ముందుకు పోవడానికి ఏది నొక్కాలో తెలియక వాగులో పడ్డాడు. అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. అది కాదు బాపు, పొడుగుది నొక్కు, ఇప్పుడు వదులు అని నేర్పించాడు. లోకానికంతా చెప్పిన మనిషి నోరు మూసుకుని చెప్పినట్టు చేశాడు. గుంతలు దాటాడు, వాగు దాటాడు, దళారిని చూడగానే చెరుకు దాచుకోవాలని పక్కనుంచి తప్పించుకుని పోయాడు. అందరూ ఆగి కొట్టిన చోట ఆగకుండా పోయింది ఆయనొక్కడే. కాంటా మీద బండి ఎక్కించాడు. తక్కువ చూపించింది. వెనక్కి పోయి తెచ్చాడు. మళ్లీ తక్కువే. మూడోసారి గడలు ఒక్కటొక్కటి వేలు పెట్టి లెక్కపెట్టుకుని తెచ్చి, కుర్చీ అంచుకు జరిగి చూశాడు.

"మోసం జేస్తుండ్రా వీడు," అన్నాడు. "లెక్కవెట్టి తెచ్చిన, నువ్వు సూసినవ్ గదా."

"నువ్వే గదా బాపు గట్ల పెట్టుమన్నది."

బాపు అన్న వైపు తిరిగాడు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. "పెట్టుమన్నప్పుడు గింతగనం మండుతదని తెల్వలేరా," అని, మళ్లీ తెర వైపు తిరిగి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "ఇంకోపారి పెట్టు."